బావ గీసిన చదరం

మా బావ టేపు పట్టుకోడు. కొలతలు చేతకానివాడికి అంటాడు. వెనక సీటు పీకి, కింద మ్యాటు చుట్ట చుట్టి పక్కన పెట్టాక, స్క్రూడ్రైవరు పిడితో వ్యాను నేల మీద కొట్టుకుంటూ పోతాడు. కింద ఖాళీ ఉన్నచోట రేకు ఖంగుమంటుంది. అడ్డపట్టీ ఉన్నచోట మోత చచ్చిపోతుంది. ఆ చోటు వదిలేసి, మోగినచోట సుద్దముక్కతో జానెడు చదరం గీస్తాడు. ఆ గీత వెంబడి నేను రేకు కోస్తాను. మూత తీసినట్టు రేకు లేపితే సరిగ్గా కింద ట్యాంకులోని పెట్రోలు పంపు తల కనబడుతుంది. ట్యాంకు దించే బాధ లేకుండా పదిహేనేళ్లుగా ఇలాగే చేస్తున్నాం.

"మేస్త్రీ చెవిలో ఎక్స్‌రే ఉంది" అంటారు షెడ్డుకొచ్చేవాళ్లు. ఇంజను మోత విని రోగం చెబుతాడని ఎక్కడెక్కడి నుంచో బళ్లు తోలుకొస్తారు. నేను రేకు కోసేవాణ్ణి, నాలాంటివాళ్లు వీధికి ముగ్గురు దొరుకుతారు. మా రెండిళ్లలో పొయ్యి వెలిగేది ఆయన చెవి మీదే.

ఆ చెవి ఆర్నెల్లుగా పోతోంది.

ముందు కనిపెట్టింది మా అక్క. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే "ఆదివారం వెళ్దాంలే" అన్నాడట. ఆసుపత్రికి పోదామంటే "నాకేం మాయరోగం?" అని కొరకొరా చూశాడు. ఆ మర్నాడే అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"షెడ్డులో ఎవరికీ తెలియనివ్వకురా. తెలిసిందంటే ఒక్క బండి రాదు. ఆ పని లేకపోతే ఆయన ఉండలేడు."

బామ్మర్ది బతక కోరతాడని పెద్దలు ఊరికే అన్నారా? అప్పట్నుంచి బావని ఎవరేం అడిగినా నేనే అడ్డం పడి జవాబు చెబుతున్నాను. వాగుడుకాయనని పేరొచ్చింది. వస్తే వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం అని ప్రతిదానికీ అనడం నాకు అలవాటు, ఇప్పుడు 'చె' దగ్గరే నాలుక కరుచుకుంటున్నాను. ఒక్కటే ధైర్యం, బావ గీసే చదరం ఏనాడూ వేలెడు తప్పలేదు. మాటలు వినపడకపోయినా ఇనుము వినపడుతోందిలే అనుకున్నాను.

ఆవేళ పొద్దున్నే బడిపిల్లల వ్యానొకటి తాడు కట్టి లాక్కొచ్చారు. దాన్ని నడిపేది ఒకావిడ. పిల్లలంతా వ్యానమ్మ అంటారు కాబట్టి మేమూ అదే అంటాం. పిల్లల్ని బడిలో దించి వస్తుంటే నడిరోడ్డు మీద ఆగిపోయిందట. బావ బానెట్టు మీద చెయ్యి పెట్టి, తాళం తిప్పించి, పంపు పోయిందని తేల్చాడు. వెనకవైపు పంపు మోత రాలేదన్నాడు. నాకూ వినపడలేదు.

"నిన్ననే ట్యాంకు నిండా కొట్టించాను" అంది ఆవిడ ఏడుపుమొహంతో.

"నిండుకుండ తొణకదమ్మా. కోతకి అదే మంచిది. ఖాళీ ట్యాంకులోనే ఆవిరి పట్టి భయం" అన్నాన్నేను.

బ్యాటరీ వైరు పీకేశాను. సీటు దించాం. బావ మోకాళ్ల మీద కూర్చుని కొట్టడం మొదలుపెట్టాడు. నేను ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. వ్యానమ్మ తలుపు దగ్గర, బావ వీపు వెనక నిలబడింది.

"నాలుగింటికి బడి వదుల్తారు తమ్ముడూ. పద్దెనిమిదిమంది పిల్లలు గేటు దగ్గర నిలబడిపోతారు. నాలుగింటికల్లా అవుతుందా?"

అవుతుందని తల ఊపాను. తల దించేసరికి బావ చదరం గీసేస్తున్నాడు.

ఆ ఆఖరి దెబ్బ నేను వినలేదు. ఆవిడ మాట వింటున్నాను. గీత చూస్తే మాత్రం ఎప్పటికన్నా తలుపు వైపుకి జరిగినట్టనిపించింది. ఇంకోసారి కొట్టు బావా అనాలి. మామూలుగా అంటే ఆయనకి వినపడదు. వినపడేలా అరిస్తే వ్యానమ్మకి తెలిసిపోతుంది. ఆవిడకి తెలిస్తే సాయంత్రానికి బడి ముందు ఆగే డ్రైవర్లందరికీ తెలుస్తుంది. కక్కలేక మింగలేక కాసేపు కత్తెర తుడుస్తూ కూర్చున్నాను.

"ఏరా, ముహూర్తం చూస్తున్నావా?" అన్నాడు బావ.

పెట్రోలు పక్కన గ్రైండరు పెట్టకూడదు, నిప్పురవ్వ లేస్తుంది. చేతి డ్రిల్లుతో మూలన చిన్న కన్నం పెట్టి, రేకు కత్తెర దూర్చి మెల్లగా కొరుక్కుంటూ పోయాను. రెండు వైపులు తేలిగ్గా తెగాయి. మూడోవైపు కత్తెర బిగుసుకుంది. అప్పుడైనా ఆగాల్సింది. బావ గీత తప్పదని పదిహేనేళ్ల అలవాటు నా చేతికి. ఇంకాస్త గట్టిగా నొక్కాను.

గుప్పుమని వాసన కొట్టింది. చేతికి చల్లగా తగిలింది.

కత్తెర అడ్డపట్టీ పక్కకి దిగింది. దాన్ని ఆనుకుని వెళ్లే ప్లాస్టిక్ పైపు సగానికి తెగింది. మూతిదాకా నింపిన ట్యాంకు కదా, పెట్రోలు ఊరుతూనే ఉంది. "అమ్మా, దూరం జరుగు! ఫోను ముట్టుకోకు!" అని అరిచి, పైపు మొనని రెండు వేళ్లతో నులిమి పట్టుకున్నాను. బావ నా చేతి మీద చెయ్యి వేసి, బిగింపు పట్టకారు తెచ్చి పైపు మూశాడు. మా ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి.

"నువ్వు తల ఊపావు కదరా" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు ఊపితేనే గీశాను."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఈ ఆర్నెల్లూ ఆయన కొడుతూ రేకుని వినలేదు. నా మొహం చూశాడు. మోత చచ్చినచోట నా నొసలు ముడిపడేదేమో. మోగినచోట నాకు తెలియకుండానే తల ఆడేదేమో. బావ చెవిని కాపాడుతున్నానని నేను మురుస్తుంటే, ఆ చెవి నా మొహమేనని ఆయనకి తెలుసు. నాకు చెప్పలేదు. ఎలా చెబుతాడు? అంత పనివాడు, బామ్మర్దికి!

ఏడుపొచ్చింది. పెట్రోలు ఘాటని మొహం తిప్పుకున్నాను.

వ్యానమ్మ మళ్లీ తలుపు దగ్గరికొచ్చింది. తెగిన పైపునీ, తడిసిన నేలనీ, వంకరపోయిన రేకునీ చూసింది. ఆవిడకి చెప్పక తప్పదు. ఈ పైపు ఎక్కడ దొరుకుతుందో వెతకాలి, అది బిగించాలంటే ముందు ట్యాంకు దించాలి. రేపటికైనా అవుతుందని నమ్మకం లేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. "పిల్లలకి ఇంకో బండి చూసుకోండి."

"అది సరే తమ్ముడూ." ఆవిడ బావ వంకే చూస్తోంది. కోపంగా లేదు, జాలిగా ఉంది. అదే భరించలేకపోయాను. "ఇందాక మీరు అలా అరిస్తే ఆయన తలైనా తిప్పలేదు. మేస్త్రీకి చెవులు వినపడవా?"

నేను వంగి పట్టకారు ఇంకాస్త బిగించాను.

ఆవిడ ఏదో అడిగిందని బావకి తెలిసింది. బడిబళ్లవాళ్లు ఎప్పుడూ అడిగేది నాలుగింటి సంగతే. ఆవిడ మొహం చూశాడు, నా మొహం చూశాడు. తడిచేతులు ప్యాంటుకి తుడుచుకుని, పెద్ద మేస్త్రీలా నవ్వి, నిబ్బరంగా తల ఊపాడు.

"నాలుగింటికల్లా ఇచ్చేస్తామమ్మా. నాది పూచీ."

వ్యానమ్మ నావైపు తిరిగింది. నేను తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. ఏం చేసినా బావ చూస్తున్నాడు.