క్షమాపణకి కాదు, కూరకి

తహసీల్దారు చావింటి గుమ్మంలో రెండు గొర్రెల్ని కట్టించగానే మా ఊరు ఊరంతా నోరు తెరిచింది. పరామర్శ బాగా చేశానని ఆయన ధీమా. మా వజీరిస్తాన్ కొండల్లో చావింటికి గొర్రెను తోలుకొచ్చేవాడు ఒక్కడే, చంపినవాడు. తప్పయిందని నోటితో అనలేక గొర్రెతో అనిపిస్తాడు. ఇంటివాళ్ళు తాడు అందుకుంటే పగ తీరినట్టు. అందుకోకపోతే ఉన్నట్టు.

లోపల మూడు నులక మంచాలు, మూడు శవాలు. బఖ్త్‌మీనా కొడుకు మీర్జల్, కోడలు షీనో, వాళ్ళతో పోయిన పొరుగింటి జర్వాలీ. నిన్న మందని మేతకని కొండెక్కించారు. పొద్దంతా మా నెత్తిన తుమ్మెదలా ఝుమ్మని తిరిగే డ్రోను వాళ్ళ మీద నిప్పు కక్కింది. గొర్రె మిగల్లేదు, కాపరీ మిగల్లేదు.

"అది అనుమానిత డ్రోను," అన్నాడు తహసీల్దారు. "ఎవరిదో పైవాళ్ళు తేల్చాలి. మీరు మాత్రం మధ్యాహ్నంలోగా పూడ్చేయండి."

"పైనుంచి వేసిందీ పైవాళ్ళే, తేల్చేదీ పైవాళ్ళేనా?" అన్నాను. లారీ హారన్ లాంటి గొంతు నాది. "పోనీ, మావాళ్ళ చావు ఖాయమేనా సాహెబ్? దాంట్లో అనుమానం లేదుగా?"

జనం పళ్ళు బయటపెట్టారు. అది నవ్వు కాదు.

"నువ్వు నోర్మూసుకోరా," అన్నాడు ముసలి తోర్‌ఖాన్. "పూడ్చేద్దాం. సర్కారుతో పెట్టుకుంటే రేపు మన కప్పు మీద పడుతుంది."

"పెట్టుకోకపోతే పడదా తాతా? మీర్జల్ ఎవరితో పెట్టుకున్నాడు?"

అప్పుడు బఖ్త్‌మీనా బయటికొచ్చింది. గొర్రెల్ని చూసింది. తహసీల్దారుని చూసింది.

"నువ్వేనన్నమాట."

"నేనేంటమ్మా?"

"చంపించింది. కాకపోతే నా గుమ్మంలో ఇవెందుకు?"

"అయ్యో! అవి..."

"ఒప్పుకున్నాడ్రోయ్!" వెనకనుంచి కేక. కేక గోడ దాటింది, వీధి దాటింది.

తహసీల్దారు మసీదులోకి పరుగెత్తి మైకు లాక్కున్నాడు. "అందరూ వినండి! మీరు పొరబడ్డారు! గొర్రెల్ని తెచ్చింది క్షమాపణకి కాదు, కూరకి! సర్కారు ఏ తప్పూ చెయ్యలేదు. చెయ్యని తప్పుకి క్షమాపణ లేదు!"

మా మసీదు మైకు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వినిపిస్తుంది.

"కూరకట," అన్నాడు తోర్‌ఖాన్. వెళ్ళి మీర్జల్ మంచం కోడు భుజానికెత్తుకున్నాడు. "ఖబరస్తాన్‌కి కాదు. రోడ్డెక్కించండి!"

మేం దిగేసరికి రోడ్డు నల్లగా ఉంది జనంతో. కొండవాలంతా ఇంకా దిగుతూనే ఉన్నారు. మిలిటరీ లారీలు ఆగిపోయాయి. తుపాకులు లేచాయి. ఎవరూ కదల్లేదు.

తహసీల్దారు రొప్పుతూ వచ్చాడు. "ఏం కావాలమ్మా నీకు?"

బఖ్త్‌మీనా కొడుకు తలవైపు రోడ్డు మీద కూర్చుంది. "తుమ్మెదని తోలినవాడు. గొర్రెను పట్టుకుని వాడే రావాలి, ఇక్కడికి."

"వస్తే క్షమిస్తావా?"

"రమ్మను. తాడు ముట్టుకోను."

మేమంతా ఆమె వెనక కూర్చున్నాం.