తేజస్విని కోసం కత్తి

దేశం కాని దేశంలో, వెర్రిబీ అనే ఊళ్లో, ఉపేంద్ర ఇంటి గ్యారేజీలో అతనూ నరసింహా కలిసి ఎనిమిదేళ్లపాటు వంటింటి కత్తులు చేశారు. ఇద్దరిదీ వరంగల్ వైపే. పని నేర్పింది నరసింహ. వారమంతా బస్సు నడిపేవాడు, శనివారం పొద్దున్నే ఉక్కు ముక్క పట్టుకుని వచ్చేసేవాడు.

కిందటి ఫిబ్రవరిలో అతని చేతిలోంచి సుత్తి జారింది. మూడు నెలల పరీక్షల తర్వాత డాక్టర్లు మోటార్ న్యూరాన్ జబ్బని తేల్చారు. మందు లేదన్నారు. ఆగస్టు వచ్చేసరికి రెండు చేతులూ ఒళ్లో ఊరికే పడి ఉండేవి. మాట ముద్దగా వచ్చేది.

"ఒక్క కత్తి మిగిలింది తమ్మీ," అన్నాడు ఒక శనివారం, చక్రాల కుర్చీలోంచి. "నా బిడ్డకు. చేతులు నీయి, కండ్లు నాయి."

తేజస్వినికి పదమూడేళ్లు. ఆదివారాలు తండ్రి పక్కన నిలబడి ఉల్లిగడ్డలు కోయడం ఆ పిల్లకు ఇష్టం.

ఉపేంద్ర ఉక్కు పట్టీని కత్తి ఆకారంలో కోశాడు. ఇక వెన్ను నుంచి అంచు దాకా పలచబడేలా అరగదీసి వాలు తీయాలి. నరసింహ ఎప్పుడూ ముందు ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాకే వాలు తీసేవాడు. పలచబడ్డ ఉక్కును కాల్చి ముంచితే వంకర పోతుంది, ఒక్కోసారి చీలుతుంది. కానీ గట్టిపడ్డ ఉక్కు ఓ పట్టాన అరగదు. గ్రైండర్ మీద తిరిగే గరుకు బెల్టుకు కాస్త ఎక్కువసేపు ఆనిస్తే వేడెక్కి పదును నిలవదు. రోజులు పడుతుంది. మెత్తటి ఉక్కయితే గంటన్నరలో అయిపోతుంది.

పోయిన వారం అర్థమైన నరసింహ మాటలు ఈ వారం ఉపేంద్రకు అందడం లేదు.

"అన్నా, ముందుగాలనే వాలు తీసేద్దాం. ఒక్క పూటల అయిపోతది. నువ్వు దగ్గరుండి చూస్తవ్."

"వంకర పోతది."

"అంచు మందంగ ఉంచుత."

నరసింహ కోసిన ఉక్కు వంక చూశాడు. అతనూ రోజులే లెక్కపెట్టుకుంటున్నాడు. "సరే. రూపాయి బిళ్లంత మందం ఉంచు. అంతకన్న దిగకు."

గ్రైండర్ మొదలైంది. "కిందికి... ఆపు... ఇంకో పక్క," అంటూ నరసింహ చెబుతుంటే వాలు గీత గీసినట్టు తిన్నగా వచ్చింది. నెలల తర్వాత అతని మొహంలో నవ్వు కనబడింది. ఆ నవ్వు చూసిన సంతోషంలో ఉపేంద్ర ఎవరూ అడక్కుండానే మరో రెండుసార్లు బెల్టు మీద లాగాడు. నరసింహ ఏదో అన్నాడు. ఆ మోతలో వినబడలేదు. మెచ్చుకుంటున్నాడనుకున్నాడు ఉపేంద్ర.

మధ్యాహ్నం బ్లేడును ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. పొగలోంచి టింగుమని చిన్న శబ్దం వచ్చింది. అదేమిటో ఇద్దరికీ తెలుసు. తీసి తుడిస్తే, అంచు నుంచి పైకి వెంట్రుకంత సన్నగా పగులు.

ఉపేంద్ర తిరిగి చూశాడు. నరసింహ చెంపల మీంచి కన్నీళ్లు కారుతున్నాయి. తుడుచుకునే వీలు లేదు.

"ఆపమన్న," అన్నాడు కూడబలుక్కుంటూ. "ఆపమన్న గద తమ్మీ."

అతన్ని ఇంట్లో దింపి వచ్చాక ఉపేంద్ర ఆ బ్లేడును బల్లకున్న ఇనప పట్టులో బిగించి రెండు ముక్కలు చేశాడు. చెత్తడబ్బాలో పారేశాడు.

కొత్త ఉక్కు పోస్టులో రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అది వచ్చేలోపే ఊపిరి అందక నరసింహను ఆస్పత్రిలో చేర్చారు. ఉపేంద్ర ఈసారి అన్న చెప్పిన పద్ధతిలోనే చేశాడు. ముందు గట్టిపరిచాడు. పెళుసుదనం పోవాలని వంటింటి అవెన్‌లో రెండు గంటలు ఉంచాడు. ఆఫీసు అయ్యాక నాలుగు సాయంత్రాలు, లాగిన ప్రతిసారీ నీళ్లలో ముంచుతూ, వేడి తెలియాలని ఉత్త వేళ్లతోనే పట్టుకుని వాలు తీశాడు. అంత మంచి కత్తి అతని చేతుల్లోంచి అంతకు ముందెన్నడూ రాలేదు. అది తలుచుకుంటేనే ఏడుపొచ్చింది.

కత్తిని ఆస్పత్రిలోకి రానివ్వలేదు. కారు డిక్కీలో పెట్టి, ఫోన్లో ఫోటోలు తీసుకుని లోపలికి వెళ్లాడు. మొహానికి మాస్కుతో నరసింహ ఫోన్ తెర వంక చూశాడు. కాసేపటికి చూపు గోడ మీదికి పోయింది.

"బాగుందా అన్నా? బాగుంటే ఒక్కసారి రెప్ప కొట్టు."

నరసింహ కళ్లు మూసుకున్నాడు. ఉపేంద్ర అరగంట కూర్చున్నా మళ్లీ తెరవలేదు. అది జవాబో అలసటో తెలియలేదు.

గురువారం మధ్యాహ్నం నరసింహ పోయాడు.

పదకొండో రోజు కార్యం అయ్యాక ఉపేంద్ర ఆ కత్తిని తేజస్విని చేతికిచ్చాడు. పిల్ల అటూ ఇటూ తిప్పి చూసింది.

"డాడ్ మేడ్ దిస్?"

పక్కనే ఉన్న తల్లి ఉదయశ్రీ అవునని చెప్పమన్నట్టు చూసింది. అవుననడానికి ఉపేంద్రకు నోరు రాలేదు.

"లేదు బిడ్డా. నేనే చేసిన. డాడీ దీన్ని ముట్టలేదు."

"మమ్ చెప్పింది... డాడ్ వాజ్ విత్ యూ. హీ వాజ్ టెల్లింగ్ యూ వాట్ టు డూ."

"అది వేరే కత్తి. పగిలిపోయింది."

"వేర్ ఈజ్ ఇట్? ఐ వాంట్ దట్ వన్, అంకుల్."

"పడేసిన," అన్నాడు ఉపేంద్ర.

తేజస్విని కత్తిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఉదయశ్రీ కంచం తెచ్చింది. ఆకలి మీదుంటావు, తినిపొమ్మంటూ అన్నం పెట్టింది. ఉపేంద్ర కలుపుకున్నాడు. ముద్ద నోటి దాకా వెళ్లలేదు. "నన్ను తిట్టు వదినా," అన్నాడు. ఆమె గ్లాసులో నీళ్లు పోసి అతని ముందు పెట్టి, అవతలికి వెళ్లిపోయింది.