ముప్పై ఒకటో నంబరు గులాబి

క్లిప్పు పిల్ల కాలి బొటనవేలిని పట్టుకుని ఎర్రగా వెలిగింది. రక్తంలో ఆక్సిజన్ చూపే మెషీను మీద అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి తొంభై నాలుగు దగ్గర నిలబడ్డాయి.

"చూశావా అమ్మా, తొంభై నాలుగు," అంది నర్సమ్మ. "తొంభై రెండు దాటితే ఇంటికి పంపెయ్యమని మాకు రూలు. జలుబు ఛాతీలోకి దిగింది, అంతే. ఐదారు రోజుల్లో అదే పోతుంది."

"పాలు తాగడం లేదండీ. రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది."

"ముక్కు మూసుకుపోతే ఎవరు మాత్రం తాగుతారు? కొంచెం కొంచెంగా పట్టు." నర్సమ్మ తలెత్తి వరస చూసింది. తలుపు బయటిదాకా తల్లులే, అందరి చంకల్లోనూ దగ్గులే. "అయినా మీ కొండవాళ్ళ పిల్లలకి భయం లేదులే. మీ ఛాతీలు మా ఛాతీల్లాంటివి కావు. గట్టిపిండాలు!"

మంచి మనసుతోనే అంది. అదే వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టొచ్చు, మెచ్చుకున్న మనిషితో ఏం పోట్లాడతారు?

చేతిలో ఒక పసుపుపచ్చ కార్డు పెట్టింది. దాని మీద ముద్దొచ్చే తెల్లటి పాప బొమ్మ. పాప పెదాలకి మాత్రం నీలం రంగు పూశారు. "పెదాలు ఇలా నీలంగా మారితే మాత్రం క్షణం ఆగకు. పరుగెత్తుకుంటూ రా."

కళ్ళమ్మ తలూపి పిల్లని భుజాన వేసుకుంది. అసలు పేరు వేరే ఉన్నా, నూలు రంగుల కార్ఖానాలో అందరూ ఆమెని కళ్ళమ్మ అనే అంటారు. అద్దకం నుంచి చుట్టగా వచ్చిన ప్రతి నూలు చిలపనీ నమూనా కార్డు పక్కన పెట్టి, రంగు కుదిరిందో లేదో తేల్చడం ఆమె పని. పదకొండేళ్ళుగా ఆమె కన్ను తప్పింది లేదు. ఇక కొండంటారా, ఆ కొండ దిగివచ్చింది ఆమె తాత. ఆమె కొండని రైలు కిటికీలోంచి ఒక్కసారి చూసింది. పిల్ల పుట్టింది కార్ఖానా బాయిలరు వెనక గదిలో, పెరుగుతున్నదీ ఆ పొగలోనే. కొండగాలి ఆ ఛాతీలోకి ఏ దారిన వచ్చిందో నర్సమ్మే చెప్పాలి.

ఆ పొద్దున పదిగంటలకి కార్ఖానా పిల్లలగది ఆయా వచ్చి, "మీ ఇద్దరి పిల్లలూ పిల్లి కూసినట్టు కూస్తున్నారు, తీసుకుపోండమ్మా," అని కేకేసింది. ఇద్దరంటే కళ్ళమ్మ కూతురు, ఎదురుబల్ల మీద పనిచేసే వదిన కొడుకు. వదిన వరసకి వదిన కాదు, పట్నం మనిషి, పచ్చటి పసిమి ఒళ్ళు. ఎనిమిదేళ్ళు ఎదురెదురుగా కూచుని వేళాకోళాలాడుకుంటే ఆ వరస అదే కుదిరింది. ఇద్దరూ ఏప్రన్లు కూడా విప్పకుండా ఆస్పత్రికి ఆటో ఎక్కారు. కళ్ళమ్మ ఏప్రను జేబులో గులాబి రంగుల నమూనా కార్డు అలాగే ఉండిపోయింది, నంబరు పెరిగేకొద్దీ రంగు బూడిదలోకి దిగే కార్డు. గేటు దాటకూడని వస్తువు అది.

వదిన కొడుక్కి మెషీను ఎనభై తొమ్మిది చూపించింది. వాడి పెదాలు అప్పటికే నేరేడుపండు తిన్నట్టున్నాయి. ఐదు నిమిషాల్లో వాణ్ణి పై అంతస్తు వార్డుకి తీసుకుపోయారు. వదిన మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి, "నీ పిల్లకి నంబరు బాగుందట కదే, అదృష్టవంతురాలివి," అని ఏడ్చింది.

కళ్ళమ్మ కూడా అదృష్టమనే అనుకుంది.

*

ఇంట్లో అత్తయ్య పిల్లని అందుకుని ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

"ఏమన్నారు?"

"గట్టిపిండం అన్నారు."

"అననీ మరి! ఇది నా గుండ్రాయి." అత్తయ్య పిల్లకి పెట్టుకున్న పేరు అది. "పట్నం వాళ్ళ వెన్నముద్దలా, తుమ్మితే కరిగిపోవడానికి? మన పిల్లలు దగ్గుతూనే పెరుగుతారు. ఎందుకా మొహం?"

గుండ్రాయి నవ్వలేదు. తొమ్మిది నెలల పిల్ల, మనిషి కనిపిస్తే చాలు ఎగిరి మీద పడే పిల్ల, నాన్నమ్మ గొలుసు కూడా పట్టుకోలేదు. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటపడుతోంది. ముక్కుపుటాలు చేపమొప్పల్లా ఎగిరిపడుతున్నాయి. కళ్ళమ్మ గోడ గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి డెబ్భై రెండు. మళ్ళీ లెక్కపెట్టింది. డెబ్భై నాలుగు.

లారీ మీద ఎక్కడో మూడు రోజుల దూరంలో ఉన్న భర్తకి ఫోను చేసింది. "తొంభై నాలుగు అన్నారుగా? వాళ్ళకంటే మనకెక్కువ తెలుసా? పెదాలు చూస్తూ ఉండు," అన్నాడు.

చూస్తూనే ఉంది. సాయంత్రం చూసింది, దీపం పెట్టాక చూసింది, కళ్ళు మంటలెత్తేదాకా చూసింది. పిల్ల పెదాలు ఎప్పటిలాగే ముదురు గోధుమరంగులో ఉన్నాయి. కార్డు మీద బొమ్మ పక్కన పెట్టి మరీ చూసింది. నీలం రాలేదు.

తెల్లారేసరికి పిల్ల ఏడవడం మానేసింది. అత్తయ్య అది చూసి తేలికపడుతుందనుకుంది కళ్ళమ్మ. అత్తయ్య తేలికపడలేదు. పిల్ల మీదకి వంగి, ముక్కు దగ్గర చెవి పెట్టింది.

"నీ ఆడపడుచుకి కూడా నీలం రాలేదే," అంది.

కళ్ళమ్మకి ఆ సంగతి సగమే తెలుసు. తన భర్తకి ఒక అక్క ఉండేదనీ, ఏడాది నిండకుండానే నిద్రలో పోయిందనీ విన్నది.

"అప్పుడు కూడా పెదాలే చూడమన్నారు. నీలం వస్తే తీసుకురా, అప్పటిదాకా రావద్దన్నారు. నేను ఇట్లాగే ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూచున్నాను. రాలేదు. బూడిదరంగు వచ్చింది. పొయ్యి ఆరాక మిగిలే రంగు. అది ఏ లెక్కలోకి వస్తుందో నాకెవరూ చెప్పలేదు."

"మరి ఇన్నేళ్ళూ గట్టిపిండాలం, గట్టిపిండాలం అన్నావే అత్తయ్యా!"

"అనకపోతే నేను బతకాలా వద్దా? మనం గట్టివాళ్ళమైతే అది దేవుడు తీసుకుపోయినట్టు. కాకపోతే నేను చూస్తూ చంపుకున్నట్టు." అత్తయ్య పిల్లని ఎత్తి కళ్ళమ్మకి అందించింది. "లేవవే. నీ కళ్ళకి కార్ఖానాలో అంత పేరు కదా. సరిగ్గా చూడు దాన్ని."

సరిగ్గా చూడడమంటే ఏమిటో కళ్ళమ్మకి నేర్పింది పెద్దమేస్త్రి. చేరిన మొదటివారమే నల్లపురి నూలు చేతిలో పెట్టి, "దీన్ని పైపైన చూస్తే అబద్ధం చెబుతుంది. ముదురు నూలు మీద ఏ అద్దకమైనా పైకి కనపడదు. పురి విప్పు, లోపల చూడు. అదీ కిటికీ దగ్గర. ట్యూబులైటు కింద ఏ రంగైనా పెళ్ళికూతురే," అన్నాడు. పదకొండేళ్ళుగా రోజుకి రెండొందలసార్లు చేసిన పని. నిన్నటినుంచి పిల్లని పైపైనే చూసింది!

వంకెకి తగిలించిన ఏప్రను జేబులోంచి నమూనా కార్డు లాగి, పిల్లని కిటికీ దగ్గరకి ఎత్తుకుపోయింది. బొటనవేలితో కింది పెదవి తిప్పి, పంటిచిగురు పక్కన కార్డు పెట్టింది.

చిగురు రంగు ఎంతుండాలో ఆమెకి తెలుసు. పదిహేను రోజుల క్రితం ఇద్దరి పిల్లలకీ ఒకే వారంలో కింద పళ్ళు మొలిచాయి. మధ్యాహ్నం భోజనాలవేళ పిల్లలగదిలో ఇద్దరినీ పక్కపక్కన కూచోబెట్టి, వేళాకోళానికి ఇద్దరి చిగుళ్ళూ ఈ కార్డుతోనే పోల్చింది. ఇద్దరివీ ముప్పై ఒకటే. "ఓసి నీ దుంపతెగ, పైన వెన్నా మసీ, లోపల ఒక్కటే సరుకు!" అని వదిన పడీ పడీ నవ్వింది. "వియ్యం అందుకుందామా మరి?" అని కళ్ళమ్మ అంటే, "నీ గుండ్రాయి మా వాణ్ణి నలిపేస్తుంది, నేనివ్వను పో," అంది.

ఇప్పుడు ముప్పై ఒకటి పక్కన చిగురు నిలవలేదు. ముప్పై రెండు పక్కనా నిలవలేదు. ముప్పై మూడు దగ్గర అతికినట్టు కుదిరింది. బూడిద కలిసిన గులాబి. కార్ఖానాలో అయితే ఆ చిలపని వెనక్కి తిప్పికొట్టేది.

*

ఆస్పత్రిలో మళ్ళీ అదే వరస, అదే క్లిప్పు, అదే నర్సమ్మ.

"తొంభై మూడు. రూలు ప్రకారం..."

"అమ్మా, లోపల చూడండి. చిగురు చూడండి. రెండు నంబర్లు దిగిపోయింది!"

నర్సమ్మ నూలు చుట్టిన కార్డు వైపు, కళ్ళమ్మ వైపు జాలిగా చూసింది. "నిద్రలేదు కదూ నీకు? నేను నూలు చూసి మందివ్వలేనమ్మా. మెషీను చూడాలి."

వెంట వచ్చిన అత్తయ్య ఏదో అనబోయింది. కళ్ళమ్మ వినలేదు. పిల్లని గుండెకి అదుముకుని మెట్లవైపు నడిచింది, ఆ తర్వాత పరుగెత్తింది. వెనక నుంచి ఎవరో "పైకి వెళ్ళకూడదు" అంటున్నారు.

వార్డులో కిటికీ పక్క మంచం మీద వదిన కొడుకు ముక్కుకి గొట్టంతో పడుకుని బొమ్మ నములుతున్నాడు. వదిన లేచి నిలబడింది. "ఏమైందే?"

"వాడి పెదవి తిప్పు."

వదిన ఎందుకని అడగలేదు. ఎనిమిదేళ్ళ ఎదురుబల్ల. కొడుకు పెదవి తిప్పింది. వాడు కోపంగా గుర్రుమన్నాడు. కళ్ళమ్మ కార్డు పెట్టింది. ముప్పై ఒకటి. పక్కనే తన పిల్లని పడుకోబెట్టి పెదవి తిప్పింది.

ముప్పై మూడు కాదు. ముప్పై నాలుగు.

"డాక్టరుగారూ!" వదిన అరుపుకి వార్డంతా తిరిగి చూసింది. వచ్చిన డాక్టరు కుర్రవాడే, కళ్ళ కింద నల్లచారలు. మొదట పిల్ల వేలికి క్లిప్పు పెట్టాడు.

"తొంభై మూడు ఉందమ్మా. ఫరవాలేదు."

"మా వాడికి క్లిప్పుతో పాటు పెదాలూ చూసి ఎత్తుకొచ్చారు," అంది వదిన. "దీనికి క్లిప్పు చూసి పెదాలు వదిలేస్తారా? ఇద్దరూ ఒకే గదిలో దగ్గారండీ. ఒకే రోజు, ఒకే దగ్గు. ఇది మంచం మీద ఉండి మావాడు ఇంట్లో ఉండాల్సింది, తెలుసా మీకు? వాడికంటే ఇదే గట్టిగా పీలుస్తోంది చూడండి, ఎముకలు లెక్కపెట్టొచ్చు!"

డాక్టరు అప్పుడు ఛాతీ చూశాడు. పక్కటెముకల కింద గుంట చూశాడు. కళ్ళమ్మ చేతిలో కార్డు చూశాడు. సూది తెప్పించి, మణికట్టులోంచి రక్తం తీశాడు. సూది దిగినా పిల్ల ఏడవలేదు.

కాగితం రావడానికి ఆరు నిమిషాలు పట్టింది. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఎంతండీ?"

"ఎనభై నాలుగు."

"మెషీను తొంభై మూడు అంది కదా!"

"ఆ క్లిప్పు చర్మంలోంచి వెలుతురు పంపి లెక్కకడుతుంది. ముదురు చర్మమైతే ఒక్కోసారి ఎక్కువ చూపిస్తుంది." అతను గొట్టం అమరుస్తూ ఆమె వైపు చూడలేదు. "చదువుకున్నాం మేం. పరీక్షలో కూడా వచ్చింది."

"బతుకుతుందా?"

"నిన్ననే ఆక్సిజన్ పెట్టి ఉంటే ఈ మాట నువ్వు అడిగి ఉండేదానివి కాదు," అన్నాడు. తర్వాత ఆ మాట అన్నందుకు నొచ్చుకున్నట్టు, "రెండు మూడు గంటలు చూద్దాం. ఊపిరి తీసి తీసి అలిసిపోయింది. ఇంకా అలిసిపోతే ఊపిరి పోసే పెద్ద మెషీను మీద పెట్టాలి," అన్నాడు.

లోపలి మూల మంచం చూపించారు. "అక్కడ వద్దండీ," అంది కళ్ళమ్మ. "ట్యూబులైటు కింద నాకు కనపడదు." వదిన తన కొడుకు మంచాన్ని కాళ్ళతో నెట్టి, కిటికీ పక్కన చోటిచ్చింది.

గంట గడిచింది. పావుగంటకోసారి పెదవి తిప్పి చూస్తోంది. ముప్పై నాలుగు. ముప్పై నాలుగు. ముప్పై నాలుగు. వదిన పక్కన నిలబడి కార్డు పట్టుకుంటోంది. ఇద్దరిలో ఎవరికీ వేళాకోళం రావడం లేదు. మంచం కాళ్ళ దగ్గర అత్తయ్య, నేల మీద, చీరకొంగు నోట్లో కుక్కుకుని కూచుంది.

అయిదోసారి కళ్ళమ్మ కార్డు తనే తీసుకుని పెట్టింది. కళ్ళు నులుముకుని మళ్ళీ పెట్టింది. "వదినా, నువ్వు చూడు. నా కళ్ళని నమ్మబుద్ధి కావడం లేదు."

"ముప్పై మూడే," అంది వదిన. "ఒక నంబరు ఎక్కిందే!"

ఒక్క నంబరు. పిల్ల ఛాతీ ఇంకా గుంటపడుతూనే ఉంది. డాక్టరు వచ్చి చూసి, తల అటూ ఇటూ కాకుండా ఊపి వెళ్ళాడు.

కళ్ళమ్మ తలెత్తితే కిటికీలోంచి ఆస్పత్రి గేటు కనిపించింది. ఒకామె బయటికి వెళుతోంది. చిన్న వయసు, ముదురు ఒళ్ళు, వెనక ముడి చూస్తే కొండవాళ్ళ పిల్లే. భుజాన పసిబిడ్డ. చేతిలో పసుపుపచ్చ కార్డు.

కళ్ళమ్మ లేవబోయింది. పిల్ల గుప్పిట్లో ఆమె వేలు ఉంది. ఆ గుప్పిట పొద్దున ఏమీ పట్టుకోలేదు. విడిపించుకోలేకపోయింది.

"అత్తయ్యా!"

అత్తయ్య లేచి కిటికీలోంచి చూసింది. చెప్పాల్సిన పని లేకపోయింది. కళ్ళమ్మ నమూనా కార్డులోంచి ముప్పై ఒకటో నూలు పళ్ళతో తెంపి ఇచ్చింది. కార్ఖానాలో ఆ తప్పుకి ఉద్యోగం పోతుంది. అత్తయ్య దాన్ని వేలికి చుట్టుకుని మెట్లవైపు నడిచింది. మోకాళ్ళ నొప్పులతో పెరట్లోకి కూడా గోడ పట్టుకుని వెళ్ళే మనిషి.

కాసేపటికి కింద ఆవరణలో కనిపించింది. చెప్పులు ఎక్కడో వదిలేసి, పరుగులాంటి నడకతో, చెయ్యి పైకెత్తి అరుస్తోంది. "ఓ అమ్మాయ్! ఆగవే! ఇంటికి వెళ్ళకు! పెదాలు కాదే తల్లీ, లోపల చూడాలి, లోపల!"

గేటు దగ్గర ఆ అమ్మాయి ఇంకా వెనక్కి తిరగలేదు. కళ్ళమ్మ అక్కడినుంచి కళ్ళు మరల్చుకుని, పెదవి తిప్పి, కార్డు పెట్టింది.

ముప్పై మూడు. ఇంకా ముప్పై మూడే.