పది చుట్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. ఇజ్జా పిన్ని, ఆమె అత్తగారు హన్నూ అవ్వ, పక్కింటి రఖియా, పదహారేళ్ల తిలీలా. బాబాయి సంతకు పోయాడు.

తిలీలా సంచి సర్దుకుంది. మధ్యాహ్నం నమాజు వేళకి వ్యాను వస్తుంది. కొండ దిగువ పట్నంలో, బడి హాస్టల్లో ఆమెకు చోటు దొరికింది. ఇవాళ చేరకపోతే ఆ మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. చేతిలో ఉన్న తివాచీ పూర్తిచేసి వెళ్లమంది పిన్ని. నిన్ననే పూర్తయింది. మగ్గం మీంచి కోసేటప్పుడు ఆడవాళ్లంతా దాని మీద నీళ్లు చల్లి, చనిపోయిన మనిషిని సాగనంపినట్టు సాగనంపారు.

పొద్దున్నే రఖియా వచ్చి ఇజ్జా వాకిట్లో రెండు గూటాలు దిగ్గొట్టింది. తన ఇంటి మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, పోసుకోవాలట. తన వాకిలి ఇరుకట.

"ఓ పది చుట్లు తిరిగిపెట్టవే తల్లీ. నా మోకాలి నొప్పి మీ పిన్ని నోరులాంటిది, మొదలెడితే ఆగదు."

"నీ నోటి ముందు నాదెంతలే," అంది ఇజ్జా, ఒక గూటం దగ్గర చతికిలబడుతూ.

తిలీలా నవ్వి, నూలుండ పట్టుకుని ఆ గూటం నుంచి ఈ గూటానికి పరుగెత్తింది. పది చుట్లు ఎనభై అయ్యాయి. అయినా విసుక్కోలేదు. పొరుగింటికి సాయంగా తిరిగితే ఆ ఊళ్లో పట్టింపు లేదు. సొంత ఇంటి పడుగు పోసిన పిల్ల మాత్రం, ఆ తివాచీ కోసేదాకా ఊరు దాటకూడదు. దాటితే ఇంటికి చేటు.

పడుగు తీసి ఇజ్జా, రఖియా మోసుకెళ్లారు. రఖియా ఇంటికి కాదు. ఇజ్జా మగ్గం దగ్గరికి.

"పిన్నీ, అది రఖియత్తది కదా?"

"మనదేనే."

రఖియా తన కాళ్ల వంక చూసుకుంది.

"ఇంకేముంది, నువ్వే పోశావుగా," అంది హన్నూ అవ్వ. "సంచి విప్పెయ్."

తిలీలాకి ఒళ్లంతా మండిపోయింది. "ఎన్నాళ్లు పడుతుంది?"

"ఏడాది. వచ్చే ఏడు వెళ్దువుగానిలే," అంది ఇజ్జా.

"వచ్చే ఏడు ఇంకో పడుగు పోయిస్తావు!"

"ప్రేమ కొద్దీ చేశానే! మా అక్క పోయినప్పుడు నీకు ఏడేళ్లు. నా పక్కలో పడుకోబెట్టుకుని పెంచాను. మగ్గం ముందు ఒంటరిగా కూర్చుంటే గోడతో మాట్లాడుకోవాలి, తెలుసా నీకు?"

అది అబద్ధమైతే బాగుండేది. ఆ ప్రేమ నిజమే. జ్వరం వచ్చినప్పుడు తెల్లవార్లూ మేలుకున్న చేతులే ఇవాళ ఆ గూటం దగ్గర, ఒక్కో పోగూ సర్దుతూ, ఆమెను కట్టేశాయి. ప్రేమ లేనివాళ్లు ఇంత ఓపికగా మోసం చేయలేరు.

"ఉండిపోవే అని నన్నొక్కసారైనా అడిగావా?"

"అడిగితే కాదంటావని..."

"అనేదాన్ని. అయినా అడగాల్సింది!"

ఉన్ని కత్తెర గోడ గూట్లోనే ఉంది. తిలీలా దాన్ని అందుకుని పడుగు మధ్యలో పెట్టి, పళ్లు కొరుకుతూ అడ్డంగా కోసేసింది. ఎనభై చుట్లూ రెండు వైపులా వేలాడాయి. అవ్వ ముఖం కప్పుకుంది. దిగువన వ్యాను హారన్ కొట్టింది.

ఇజ్జా సంచి ఎత్తి బయట పడేసింది.

"చేటు వస్తే రానీ," అంది తిలీలా, గడప దాటి వెనక్కి తిరుగుతూ. "నాది నేను మోస్తాను. నువ్వు మాత్రం, పిన్నీ..."

ఇజ్జా ఆమె ముఖం మీదే తలుపు వేసింది.