కిటికీకి అడ్డొచ్చిన వాలుకొమ్మలు

లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌కి ఇంటి ముందున్న జాగా ఒక మంచం పట్టేంత. అందులో, కిటికీకి ఓ పక్కగా, అతడు ఏరికోరి బాటిల్ బ్రష్ చెట్టు వేశాడు. పైకి ఎగబాకే రకం కాదు, కొమ్మలన్నీ నేలకేసి జాలువారే రకం. సీసాలు కడిగే బ్రష్షుల్లాంటి ఎర్రటి పూలు గాలికి ఊగుతుంటే కళ్లప్పగించి చూసేవాడు. రోజంతా చీకట్లో ఇనుప తాళ్లతో కుస్తీ పట్టే మనిషికి అదో తెరిపి.

మోకాలి ఆపరేషన్ అయ్యాక అత్తగారు కూతురింటికి వచ్చింది. కాస్త నడవగలిగిందో లేదో, చెట్టుకి కర్రలు ఆనించి, పాత చీర పీలికలతో కొమ్మల్ని పైకెత్తి కట్టేసింది.

"చెట్టు మరీ నీరసంగా ఉంది బాబూ," అంది.

"దాని తీరే అంత అత్తయ్యా."

పొద్దున్నే అతడు పీలికలు విప్పేవాడు. పని నుంచి వచ్చేసరికి మళ్లీ కట్టి ఉండేవి. ఇద్దరూ పల్లెత్తు మాట అనుకోలేదు. భార్య మాత్రం, "మీ ఇద్దరి మధ్య అది నలిగి చచ్చేలా ఉంది," అని విసుక్కుంది.

ఒకరోజు జ్వరం వచ్చి మెకానిక్ ఇంట్లో ఉండిపోయాడు. అత్తగారు స్నానానికి వెళ్లినప్పుడు, కిటికీ దగ్గరున్న ఆమె కుర్చీలో కూలబడ్డాడు. ఆమె ఇంకా కొమ్మలు కట్టలేదు. వీధిలో ఎవరో నవ్వారు. బండి ఆగింది. ఎవరో ఎవరినో పిలిచారు. అతడికి కనబడింది ఆకులే. ఆమె పగలల్లా కూర్చునేది అక్కడే.

తల తుడుచుకుంటూ ఆమె వచ్చింది.

"వీధి కనబడట్లేదని ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"మీ ఇల్లు, మీరు ముచ్చటపడి పెంచుకున్న చెట్టు. నేను నోరెత్తితే ఏం బాగుంటుంది?"

జ్వరం తగ్గాక అతడు కత్తెర పట్టుకుని బయట నిలబడ్డాడు. మొదటి కొమ్మ కొయ్యడానికి మనసొప్పలేదు. లోపలి నుంచి ఆమె చెప్పుకుపోయింది. "అది తీసెయ్యండి. పక్కది ఉంచండి, లేకపోతే ఎదురింటావిడకి నా కంచంలో ఏముందో కూడా కనబడుతుంది."

అతడికి నవ్వొచ్చింది. కత్తెర ఆడింది.

బరువంతా ఒకవైపే పడటంతో వానల్లో చెట్టు గేటు వైపు ఒరిగింది. ఇనుప పైపు పాతి కట్టాడు. సగం క్షవరంలో లేచొచ్చినట్టుందని భార్య ఎగతాళి చేసింది. కోసిన వైపు మళ్లీ గుబురెక్కలేదు.

సాయంత్రాలు అతడు ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే, వీధిలో ఎవరెవరు ఎటు వెళ్లారో అత్తగారు చెప్పేది. అందులో సగం ఊహేనని అతడికి తెలుసు. అడ్డు చెప్పేవాడు కాదు.