రజాక్ సారు తెలుగు పరీక్ష

కొల్లాపూర్ మిడిల్ స్కూల్లో రజాక్ సారు భూగోళం చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా ఇటే చెవి పెట్టేవారు. ఆయన పుస్తకం తెరిచేవాడు కాదు. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద ఒక్క గీతలో హిందుస్తాన్ గీసి, గోదావరినీ కృష్ణనూ పుట్టినచోటు నుంచి సముద్రం దాకా నడిపించుకుపోయేవాడు. పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న పాఠాలు. అన్నీ ఉర్దూలో.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన ఆరేళ్లకు ఆ బడికి ఒక కాగితం వచ్చింది. ఇకనుంచి పై తరగతులు కూడా తెలుగులోనే నడపాలి. ఉర్దూలో చెప్పే ఉపాధ్యాయులు తెలుగు పరీక్ష ప్యాసు కావాలి. మూడుసార్లు రాయవచ్చు. హెడ్మాస్టరు అది చదివి వినిపించినప్పుడు రజాక్‌కు నవ్వొచ్చింది. తాను పుట్టింది ఈ ఊళ్లోనే. సంతలో మేకపిల్లను బేరమాడేది తెలుగులో, పక్కింటివాళ్లతో జగడం పెట్టుకునేది తెలుగులో. తనకు తెలుగు పరీక్ష ఏమిటి?

ఆ నవ్వు మర్నాడు మొదటి పీరియడు దాకా కూడా నిలవలేదు.

ఏడో తరగతి. గోళం చేతిలోకి తీసుకుని, "భూమికి నట్టనడుమ నుంచి ఒక గీత పోతది. దాన్ని..." అని ఆగిపోయాడు. పొద్దున మూడుసార్లు చదివిన మాటే. నాలుక మీదికి 'ఖత్తె ఉస్తువా' వచ్చి గడపలో నిలబడ్డట్టు నిలబడింది. దాని వెనకున్న 'భూమధ్యరేఖ'కు దారి ఇవ్వడం లేదు. గోళం తిప్పుతూ ఉండిపోయాడు.

చివరి బెంచీలోంచి గొర్రెల గుర్వయ్య కొడుకు సైదులు లేచాడు. వాడూ ఆరో తరగతి దాకా ఉర్దూలోనే చదివినవాడు.

"ఖత్తె ఉస్తువా, సార్!"

"గది నాకెరికేరా. తెలుగుల ఏమంటరు?"

"నాకు సుత యాదికొస్తలేదు సార్."

తరగతంతా గొల్లుమంది. రజాక్ కూడా నవ్వబోయాడు గానీ పెదవులు కదల్లేదు.

ఆ బడిలో తెలుగు పండితుడు రామచంద్రం. కట్టంగూర్ దిక్కునుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. సాయంత్రం బడి వదిలాక రజాక్‌ను ఆపాడు.

"ఎట్ల చదువుతున్నరు సాబ్?"

"పదిసార్లు చదువుత. ఇరవైసార్లు చదువుత. పుస్తకం ముందర ఉంటె అంత తెలిసినట్టే ఉంటది. మూస్తె ఒక్కటి కానరాదు."

"చూసి చదివితె మనసుకు పని తగలదు కద. పుస్తకం మూసి లోపల ఎతకుండ్రి. దొరకకున్నా జరసేపు ఎతికినంకనే చూడుండ్రి. మల్ల రెండ్రోజులు ఇడిసిపెట్టుండ్రి. మరుపుకొచ్చే యాళ్లకు మల్ల ఎతకాలె. గట్లయితెనే పాతుకుంటది." రామచంద్రం కొంచెం ఆగి, "ఇంకొకటి. ఉర్దూల అనుకొని తెలుగులకు మార్చే అలవాటు బంద్ జేయుండ్రి. పటం చూస్తె తెలుగు మాటే రావాలె" అన్నాడు.

మొదటి రెండు మాటలూ రజాక్ తు.చ. తప్పకుండా పాటించాడు. మూడోదే చేతకాలేదు. ఇంట్లో ఆయన్ను ప్రశ్నలడగడానికి భార్య షంషున్నీసా తప్ప ఎవరూ లేరు. ఆమెకు తెలుగు చదవడం రాదు. అందుకని ఒక కాగితం మీద ఉర్దూ మాటలు రాసిచ్చాడు. ఆమె చాటలో బియ్యం ఏరుతూ ఒక్కొక్కటే అడిగేది.

"జజీరా?"

"ద్వీపం."

"జజీరానుమా?"

"ద్వీపకల్పం."

"సతహె ముర్తఫా?"

"పీఠ... పీఠభూమి."

సరిగ్గా చెప్పాడో లేదో ఆమెకు తెలిసేది కాదు. ఆయన ముఖం చూసి పోల్చుకునేది. వెలిగితే తానూ మురిసిపోయి ఇంకో మాట అడిగేది. నాలుగు నెలల్లో రెండువందల మాటలు వచ్చాయి. "ఇగ మీకు ఫికర్ లేదు" అన్నది షంషున్నీసా.

కానీ తరగతిలో ఎవరూ ఆయన్ను 'జజీరా?' అని అడగరు. ఆమె గొంతులో ఆ ఉర్దూ మాట వినబడితేనే దానివెంట తెలుగు మాట బయటికొచ్చేది. లేకపోతే ఎక్కడో లోపలే ఉండిపోయేది. ఉన్నదని తెలుసు. పిలిస్తే పలకదు.

మహబూబ్‌నగర్లో మొదటిసారి పరీక్ష రాసినప్పుడు కొద్ది మార్కుల్లోనే తప్పిపోయింది. రామచంద్రం ఓదార్చాడు. రజాక్ కూడా దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

రెండోసారి వ్యాసం అడిగారు, కృష్ణానది గురించి. ఆ ప్రశ్న చూడగానే రజాక్ గుండె ఎగిరింది. తన పాఠం! కలం పట్టి తెలుగులో రెండు వాక్యాలు రాశాడు. మూడోది నడవలేదు. కొట్టేశాడు, మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. నది మొత్తం లోపల పారుతోంది గానీ కలంలోకి రావడం లేదు. ముందు ఉర్దూలో చిత్తు రాసుకుంటే ఒక వరస దొరుకుతుంది, తర్వాత మార్చుకోవచ్చు అనుకున్నాడు. రామచంద్రం వద్దన్న సంగతి తెలియక కాదు. ఒక్క పేజీ చాలు అనుకున్నాడు.

ఇక చెయ్యి ఆగలేదు. పడమటి కనుమల్లో సన్నటి ధారగా మొదలైన నది భీమను కలుపుకుని, తుంగభద్రను కలుపుకుని, కొల్లాపూర్ కొండల మధ్య మలుపులు తిరిగి, నల్లరేగడి నేలల మీదుగా సముద్రంలో కలిసేదాకా నాలుగు పేజీలు రాశాడు. అంత చక్కగా తాను ఎన్నడూ రాయలేదని ఆయనకే అనిపించింది. తలెత్తి గడియారం చూస్తే పావుగంట మిగిలి ఉంది. ఆ పావుగంటలో తెలుగులో పేజీన్నర అయింది. కాగితాలు తీసుకుపోవడానికి వచ్చిన మనిషి చిత్తు పేజీలు చూసి, "ఇవి ఇచ్చుడెందుకు? ఎవరు చదువుతరు?" అని వాటిని బల్లమీదే వదిలేసి పోయాడు.

మూడోసారి చెప్పుకోవడానికేమీ లేదు. ప్రశ్నపత్రం చేతికి రాగానే పోయినసారి సంగతి ఒక్కటే యాదికొచ్చింది, ఎంత తరిమినా పోలేదు. సగం సమయానికే లేచి బయటికొచ్చేశాడు.

నెల తిరక్కుండానే హుకుం వచ్చింది. కృష్ణ ఒడ్డున ఒక చిన్న పల్లెలో ప్రైమరీ బడికి, ఒకటీ రెండూ తరగతులకు మార్చారు. భూగోళం రామచంద్రానికి అప్పగించారు. అతడు బస్సు దాకా ట్రంకుపెట్టె పట్టుకొచ్చి, "నేను గా బల్లమీద పటం గీయలేను సాబ్" అన్నాడు. రజాక్ బస్సెక్కాడు. అంతకు రెండు నెలల ముందే సైదులు ఏడో తరగతి తప్పి గొర్రెల వెంట పోయాడు. ఇద్దరికీ ఒకటే జబ్బు అని రజాక్‌కు తెలుసు. వాడికి తాను చేయగలిగింది కూడా ఏమీ లేకపోయింది.

పల్లెలో అయిదేళ్లు గడిచాయి. చుట్టూ ఉర్దూ వినిపించే ఇల్లు తనదొక్కటే. పొద్దున లేస్తే పిల్లల పలకలు, వాళ్ల తల్లుల ఫిర్యాదులు, జ్వరాలకు దవాఖాన చీటీలు, కోర్టు కాగితాలు చదివిపెట్టమని వచ్చే రైతులు. పరీక్ష ధ్యాసే వదిలేశాడు. ఒకనాడు రెండో తరగతిలో నర్సింగమ్మ అనే పిల్ల నది చూపించి, "గా నీళ్లు యాడికి పోతయ్ సార్?" అనడిగింది. రజాక్ చెప్పడం మొదలుపెట్టాడు. నది పుట్టుక, ఉపనదులు, పీఠభూమి, మైదానం, సంగమం. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. పాఠం అయ్యాక మంచినీళ్లు తాగుతుంటే తెలిసింది, మొదటినుంచి చివరిదాకా తెలుగులోనే చెప్పాడని. ఒక్క మాట కోసమైనా వెతుక్కోలేదు.

చెంబు కిందపెట్టి, మర్నాటికి సెలవు చీటీ రాసుకున్నాడు.

మర్నాడే మహబూబ్‌నగర్ బస్సెక్కాడు. జిల్లా విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా కాటమయ్య ఆయన మాటంతా ఓపిగ్గా విన్నాడు. తన పాత పనితనం గురించీ, ఇప్పుడు పరీక్ష పెడితే ఎట్లా రాయగలడో, ఒక్క అవకాశమిస్తే చాలుననీ రజాక్ తడుముకోకుండా చెప్పాడు. కాటమయ్య ఫైలు తిరగేశాడు.

"మూడుసార్లే రూలు. మీయి అయిపోయినయి."

"ఇప్పుడు వచ్చింది. అప్పుడు రాలే."

"రూలు మారదు సాబ్." గుమాస్తా ఫైలు కట్టి పక్కన పెట్టి, నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగాడు. "ఇంత మంచిగ మాట్లాడుతున్నరు కద, అప్పుడెందుకు రాయలే?"

రజాక్ కుర్చీలోంచి లేచాడు. సలాం చెప్పి బయటికొచ్చాడు.

బస్సు దిగి రెండు మైళ్లు నడిచి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. షంషున్నీసా ఆయన ముఖం చూసింది. కాళ్లకు నీళ్లిచ్చి, జొన్నరొట్టె పెట్టింది. ఆయన సగం తిని చెయ్యి కడుక్కున్నాడు.

తెల్లారి బడి తాళం తీశాడు. ఒకటో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల ఏడుస్తోంది. పక్కన కూచోబెట్టుకుని, ఆ పిల్ల చెయ్యి పట్టి పలక మీద 'అ' దిద్దించాడు.