సభ సజావుగా జరిగింది

బల్లలను రెండు వరుసలుగా ఎదురెదురుగా జరిపి, సోషల్ టీచరు కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. మోకాలి నొప్పి వల్ల ఒక కాలి మీదే బరువు మోపడం ఆమెకు అలవాటు. ఏటా పిల్లల సభ జరిగే పూట ఈ గది ఆమెదే. పాలకపక్షం, ప్రతిపక్షం, చివర్లో ఓటింగు. పిల్లలు చాటుగా తనను ‘స్పీకరమ్మ’ అంటారని తెలిసి, ఇంట్లో అక్కకు చెప్పుకుని మురిసిపోయింది కూడా.

ఒక ఏడు మంచినీళ్ల కుళాయి గురించి వాదించుకుంటూ ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఇంకో ఏడు ఓడినవాళ్లు అలిగి అన్నం ముట్టలేదు. హెడ్మాస్టరు చీవాట్లు పెట్టాడు గానీ, ఆమెకు మాత్రం ఆ పూట కడుపు నిండినట్టుండేది.

ఈసారి విషయం ఉత్తుత్తిది కాదు. బడి ఆటస్థలంలో సగం కార్లు నిలపడానికి ఇచ్చేయాలని యాజమాన్యం చూస్తోంది. పిల్లలు వద్దని తీర్మానిస్తే తానే తీసుకెళ్లి యాజమాన్యం ముందు పెడతానని టీచరు మాటిచ్చింది.

పాలకపక్షం కుర్రాడు లేచి ట్యాబ్‌లోంచి చదివాడు. చక్కటి భాష. ప్రతిపక్షం అమ్మాయి చదివింది. అదీ చక్కటి భాషే. ఇరుపక్షాల వాదనల్లోనూ బలం ఉందంటూ ఇద్దరూ ఒకేలా ముగించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇది మీరు రాసిందేనా?"

"ఏఐ రాసింది టీచర్. మేం చెక్ చేశాం."

"దాని మాట విన్నాం కదా, ఇప్పుడు మీ మాట చెప్పండి. గ్రౌండ్ పోతే మీకేం అనిపించదా?"

ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. చివరి బల్లలోంచి ఒక బక్కపలచని పిల్ల లేచింది.

"మా ఇంట్లో పరిగెత్తడానికి చోటు లేదు టీచర్. ఇక్కడే కదా... కార్లొచ్చేస్తే మేం ఎక్కడికి..."

"ఊఁ, చెప్పమ్మా."

ఎవరో కిసుక్కున నవ్వారు. పిల్ల మొహం కందిపోయింది.

"సారీ టీచర్. నేను ప్రిపేర్ అవలేదు."

"అక్కర్లేదు తల్లీ, నువ్వు చెప్పిందే..." అని టీచరు అంటూనే ఉంది. ఆ పిల్ల కూర్చుని తల దించేసుకుంది.

ఓటింగుకు ముందు కూడా వాళ్లు ట్యాబ్‌నే అడిగారు. సగం కార్లకు, సగం ఆటలకు అయితే అందరికీ న్యాయమని అది చెప్పింది. యాజమాన్యం అడుగుతున్నదీ అదే. చేతులన్నీ ఒక్కసారే లేచాయి. కాస్త ఆలస్యంగా ఆ పిల్ల చెయ్యి కూడా లేచింది.

సంగతి విని హెడ్మాస్టరు సంతోషించాడు.

"ఎంత పద్ధతిగా జరిగిందండీ! ఒక్క అరుపు వినపడలేదు." తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇకమీదట పౌరశాస్త్రం యాప్‌లోనే చెప్పిస్తారట. సభ కూడా అందులోనే. మీరు... రేపట్నుంచి రానక్కర్లేదన్నారు."

"అలాగేనండీ," అంది టీచరు.

గదికి తిరిగొచ్చి అక్కకు ఫోను చేసింది.

"పెందలాడే వచ్చేస్తున్నానక్కా."

"అదేంటే, ఇవాళ ఎవరూ కొట్టుకోలేదా?"

"లేదు. అందరూ ఒక్క మాట మీదే ఉన్నారు."

"పోన్లే, మంచిదేగా!"

ఫోను పెట్టేసి, బల్లలన్నీ ఒక్కతే యథాస్థానాలకు జరిపింది. కుంటుకుంటూ మెట్లు దిగి, ఆటస్థలం వైపు చూడకుండానే గేటు దాటింది.

సభ రోజున అరిచి అరిచి గొంతు పోతుందని ఏటా కొనుక్కునే బిళ్లల డబ్బా ఆమె కుర్చీ పక్కనే ఉండిపోయింది, మూత మీది కాగితం చించకుండానే.